ఎడారిలో మంచు కొండ చూశానంటే అన్నయ్య నవ్వుతున్నాడు

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 38 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉంటాం, ఏడేళ్ళ పాప ఉంది. మీరు ఒకసారి మెక్సికోలో బాహా వైపు వెళ్ళొచ్చానని రాశారు కదా, అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. 1993 చివర్నుంచి 1995 వేసవి దాకా, అంటే నాకు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య, మేం అక్కడ గెరెరో నెగ్రో అనే ఎడారి ఊళ్ళో ఉన్నాం. నాన్న మెషినరీ ఇంజనీరు, ఉప్పు ఫ్యాక్టరీ పని మీద వెళ్ళారు. అన్నయ్య అప్పుడు ఏడో తరగతి, పబ్లిక్ పరీక్షలని తెనాలిలో అమ్మమ్మ దగ్గర వదిలేసి మేం ముగ్గురం వెళ్ళాం. నాకు ఆ ఊరు బాగా గుర్తుంది. ఎడారిలో తెల్లటి మంచు కొండ, గులాబీ రంగు నీళ్ళు, ఎడారి అయినా పొద్దున్నే స్వెటర్ వేసుకోవడం, పడవలోంచి తిమింగలం పిల్లని చేత్తో ముట్టుకోవడం, మా పడకగది కిటికీలోంచి తిమింగలాలు నీళ్ళు చిమ్మడం, ఇంటి వెనక తలకిందులుగా పాతిన క్యారెట్లలాంటి చెట్లు, ఒకే రాత్రి రెండుసార్లు న్యూ ఇయర్ రావడం. ఇవి చెప్తే అన్నయ్య అందరి ముందూ "ఏదో సినిమా చూసి కలగంది" అని నవ్వుతాడు. నాన్న పోయి రెండేళ్ళయింది, లేకపోతే ఆయనే చెప్పేవారు. ఫోటోలు నాలుగే ఉన్నాయి, ఒకటి ఏదో పెద్ద ఇనప డేగ కింద. అమ్మని అడిగితే ఆ ఊరి ఊసెత్తకు అంటుంది, కానీ ఇంట్లో పాలో పంచదారో అయిపోతే మాత్రం ఇప్పటికీ "నో ఐ" అంటుంది, ఆవిడకి మిగిలిన స్పానిష్ అదొక్కటే. ఇంకోటి, రెండు న్యూ ఇయర్‌లు వచ్చిన రోజే పొద్దున అమ్మ నన్ను ఒక ఫోన్ షాపుకి తీసుకెళ్ళి చాలాసేపు రిసీవర్ పట్టుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడింది, నాకు బోర్ కొడుతుంటే షాపావిడ కారం పూసిన చింతపండు క్యాండీ ఇచ్చింది. ఇవన్నీ నిజమేనా? అన్నయ్యకి చూపించడానికి ఆధారాలు ఏమైనా చెప్తారా? పాపని తీసుకుని ఒకసారి వెళ్ళాలనుంది, వెళ్తే ఉన్న జ్ఞాపకం కూడా పాడైపోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, నువ్వు అని రాస్తున్నా ఏమనుకోకు, మా పెద్దమ్మాయి నీకంటే రెండేళ్ళు పెద్దది. నీ ఉత్తరం రాత్రి పడుకోబోయే ముందు చదివి ఇక నిద్ర పట్టక లేచి కూర్చున్నా, ఎందుకంటే గెరెరో నెగ్రో అనే పేరు తెలుగులో ఎవరైనా నాకు రాస్తారని కలలో కూడా అనుకోలేదు. మా అబ్బాయి శాన్ డియాగోలో ఉంటాడు, 2018 ఫిబ్రవరిలో నేను వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు కారులో రెండు రోజులు దక్షిణానికి పోయి ఆ ఊరు చూసొచ్చాం. తిహువానా బోర్డర్ నుంచి దాదాపు 700 కిలోమీటర్లు. దారిపొడుగునా మా వాడు "ఇంత దూరం ఎందుకమ్మా, తిమింగలాలు శాన్ డియాగోలో కూడా కనిపిస్తాయి" అని ఒకటే గోల, నేనేమో చినగంజాం ఉప్పు కొఠార్ల పక్కన పుట్టి పెరిగినదాన్ని, ప్రపంచంలోకెల్లా పెద్ద ఉప్పు కొఠారు అక్కడుందంటే చూడకుండా ఎలా ఉంటాను చెప్పు.

సరే ముందు నువ్వడిగింది. నీ జ్ఞాపకాల్లో చాలావరకు నిజం. రెండు మాత్రం కొంచెం అతుకు పడ్డాయి, వాటి సంగతీ చెప్తా.

మంచు కొండ అంటే అది ఉప్పు. సముద్రం నీళ్ళని మడుగుల్లోకి తోడి, ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి వదులుతూ, దగ్గర దగ్గర రెండేళ్ళు ఎండకీ గాలికీ చిక్కబెట్టి, చివరి మడుల్లో గడ్డ కట్టాక పెద్ద మెషిన్లతో గీకి ఎత్తుతారు. మా ఊళ్ళో మనుషులు చెక్క పారలతో లాగి గట్టు మీద కుప్ప పోసి తాటాకు కప్పుతారు, వాన పడితే సీజన్ అయిపోయినట్టే. అక్కడ వాన అన్న మాటే అరుదు. అందుకే ఏడాది పొడుగునా తీస్తూనే ఉంటారు, ఏడాదికి సుమారు 70 లక్షల టన్నులట, నేను ఆ అంకె విని మా తాతయ్య బతికుంటే ఏమనేవాడో అనుకున్నా. ఆ ఉప్పుని కడిగి, బార్జీల్లో సెద్రోస్ అనే దీవికి చేర్చి, అక్కడ లోతైన రేవు ఉంది కాబట్టి పెద్ద ఓడలకెక్కించి జపాన్‌కీ ఇంకా ఎక్కడెక్కడికో పంపిస్తారు. అది చాలావరకు కూరల్లో వేసుకునే ఉప్పు కాదు, క్లోరిన్, కాస్టిక్ సోడా లాంటివి చేసే కెమికల్ ఫ్యాక్టరీలకి పోతుంది. రైలు బోగీల్లా ట్రైలర్లు తగిలించుకున్న ట్రక్కులు కూడా నీకు గుర్తుండాలి మరి, లేవా? ఆ కుప్పలు దూరం నుంచి చూస్తే నాకే హిమాలయం ఫోటోలా అనిపించాయి, ఆరేళ్ళ పిల్లకి మంచు కొండ అనిపించడంలో వింతేముంది. గులాబీ రంగు నీళ్ళు కూడా అక్కడివే. నీళ్ళు బాగా చిక్కబడ్డాక అందులో బతికే సూక్ష్మజీవుల వల్ల ఎరుపు తిరుగుతాయి, మా కొఠార్లలో కూడా ఎండలు ముదిరితే అంతే.

స్వెటర్ కూడా నిజమే. ఎడారి అంటే మనవాళ్ళకి రాజస్థాన్ ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి. ఇది సముద్రం ఒడ్డు ఎడారి, పసిఫిక్‌లో ఆ తీరం పక్కనుంచి చల్లటి ప్రవాహం పోతుంది, దానివల్ల మేఘం కట్టి కురవడం ఉండదు, పొగమంచు మాత్రం పొద్దున్నే ఊళ్ళోకి వచ్చి కూర్చుంటుంది. పైగా ఆ గాలి. నేను శాలువా కప్పుకుని తిరిగా.

ఇక తిమింగలాలు. ఊరి పక్కన ఉన్న ఉప్పుటేరు పేరు ఓహో దె లియెబ్రె, అంటే కుందేలు కన్ను. గ్రే వేల్ అనే బూడిదరంగు తిమింగలాలు అలాస్కా పైన, రష్యా పైన ఉండే చల్లటి సముద్రాల నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చి, డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ ప్రశాంతమైన నీళ్ళలో పిల్లల్ని కంటాయి, సాకుతాయి, మళ్ళీ వెళ్ళిపోతాయి. పురిటికి పుట్టింటికి వచ్చినట్టన్నమాట. 1857లో చార్లెస్ స్కామన్ అనే ఓడ కెప్టెన్ ఆ ఉప్పుటేట్లోకి చొరబడి వేట మొదలుపెట్టాక వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు, పిల్లల జోలికి వస్తే తల్లులు పడవలు పగలగొట్టేవని వేటగాళ్ళు వాటికి దెయ్యం చేపలని పేరు పెట్టారట. ఊరి పేరు కూడా వేట ఓడదే. బ్లాక్ వారియర్ అనే అమెరికా ఓడ 1850లలో ఆ తీరంలో మునిగిపోయింది, దాన్ని స్పానిష్‌లోకి మారిస్తే గెరెరో నెగ్రో, నల్ల యోధుడు. అసలు ఊరు పుట్టింది 1957లో, డేనియల్ లుడ్విగ్ అనే అమెరికా ఓడల కోటీశ్వరుడు ఉప్పు కంపెనీ పెట్టినప్పుడు. అంటే మీ నాన్నగారు వెళ్ళేసరికి ఆ ఊరికి నలభై ఏళ్ళు కూడా లేవు.

అలాంటి జంతువు ఇప్పుడు మనిషి చేతికి తల అందిస్తుంది. ఇది మీ అన్నయ్య నమ్మకపోవడం సహజమే, నేను కూడా ముట్టుకునేదాకా నమ్మలేదు. దక్షిణాన ఉన్న శాన్ ఇగ్నాసియో ఉప్పుటేట్లో 1972లో పచీకో మయొరాల్ అనే జాలరి పడవ పక్కకి ఒక తిమింగలం వచ్చి నిలబడితే, ఆయన భయపడుతూనే చెయ్యి వేశాడు, అప్పట్నుంచి ఈ సంగతి లోకానికి తెలిసింది. అక్కడా, మీ ఊరి దగ్గరా కొన్ని తల్లులు పిల్లల్ని తోసుకుంటూ పడవ దగ్గరికి వస్తాయి. నేనెక్కింది ఫైబర్ పడవ, వాళ్ళు పంగా అంటారు. ఇంజన్ మెల్లగా పెట్టి కూర్చున్నాం, అరగంట ఏమీ లేదు, తర్వాత పక్కన నీళ్ళు పచ్చగా లేచి ఒక పిల్ల తల పైకొచ్చింది. చర్మం ఎలా ఉందో తెలుసా, ఉడకబెట్టి పొట్టు తీసిన కోడిగుడ్డులా. అది ఊపిరి వదిలితే మొహమంతా తడిసిపోయి ఒకటే నీచు వాసన. నీకు ఆ వాసన గుర్తుందా? మీ అన్నయ్య చెప్పినట్టు సినిమాలో చూసి కలగని ఉంటే వాసన ఉండదు, నిన్ను నువ్వే అడిగి చూసుకో.

కానీ పడకగది కిటికీ మాత్రం కుదరదమ్మా. ఊరు ఉప్పు చవిటి నేల మీద ఉంది, పడవ ఎక్కే చోటికి ఉప్పు మడుల మధ్య మట్టిరోడ్డు మీద చాలా దూరం పోవాలి. నువ్వు పడవలో చూసిందీ, ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని తలుచుకున్నదీ కలిసి ఒకటైపోయుంటాయి. తలకిందుల క్యారెట్ చెట్లూ అంతే. చెట్లు నిజం, అచ్చం అలాగే ఉంటాయి, అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, చుట్టూ పొట్టి పుల్లలు, వాటిని అక్కడ సిరియో అంటారు, చర్చిలో పెట్టే పొడుగు కొవ్వొత్తిలా ఉంటాయని. కానీ ఊరి మధ్యలో, ఇంటి వెనక పెరిగే నేల కాదది. ఉత్తరాన కతవీన్యా దగ్గర గుట్టలంత బండల మధ్య విపరీతంగా ఉంటాయి, మీరు కారులో వస్తూపోతూ చూసుంటారు. చిన్నప్పటి గుర్తులు అలాగే ఉంటాయి, వస్తువు నిజమే ఉంటుంది, చోటు మారిపోతుంది. నాకు మా అమ్మమ్మ వాళ్ళ దొడ్లో రైలు పట్టాలు గుర్తు, నిజానికి పట్టాలు ఊరవతల ఉండేవి.

ఆ ఇనప డేగ ఫోటో ఉంది కదా, అది 28వ అక్షాంశం మీద నిలబెట్టిన స్టీల్ కట్టడం, బాహా పొడుగునా పోయే హైవే 1973లో పూర్తయింది, అప్పటిది. సరిగ్గా అక్కడ రెండు రాష్ట్రాల సరిహద్దు. ఉత్తరాన బాహా కాలిఫోర్నియా, దక్షిణాన బాహా కాలిఫోర్నియా సుర్, మీ ఊరు దక్షిణం వైపు. చలికాలంలో రెండింటి గడియారాలకీ గంట తేడా. ఊళ్ళో 12 కొట్టగానే కారెక్కి డేగ దాటి నాలుగడుగులు అవతలకి పోతే అక్కడ ఇంకా 11 దాటి కొద్ది నిమిషాలే, కాసేపు కూర్చుంటే మళ్ళీ న్యూ ఇయర్. మీ నాన్నగారు నీ కోసం ఆ పని చేశారన్నమాట. అర్ధరాత్రి నిద్రమొహంతో ఉన్న పిల్లని చలిలో కారెక్కించుకుని వెళ్ళి గంటసేపు కూర్చోబెట్టారంటే, ఆయన ఎలాంటి మనిషో నాకు కొంచెం అర్థమైంది.

ఇవీ ఆధారాలు. ఇప్పుడు అసలు సంగతి. ఇవన్నీ తీసుకెళ్ళి మీ అన్నయ్య మొహాన కొట్టకు.

నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒక వాక్యం దగ్గర ఆగిపోవాలనిపించింది. "తెనాలిలో అమ్మమ్మ దగ్గర వదిలేసి మేం ముగ్గురం వెళ్ళాం." నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో రాసేసి మంచు కొండలోకి వెళ్ళిపోయావు, తప్పు కాదులే, ఆరేళ్ళ పిల్లకి అది అంతే. కానీ పన్నెండేళ్ళ పిల్లాడికి? వాడికి తెలిసిందేంటి, అమ్మా నాన్నా చెల్లిని తీసుకుని విమానమెక్కి వెళ్ళిపోయారు, తనేమో ఏడో తరగతి పబ్లిక్‌కి చదువుకోవాలి. వాళ్ళు తిరిగొచ్చాక చెల్లి రోజూ తిమింగలాలు, రెండు న్యూ ఇయర్‌లు, మంచు కొండలు అని చెప్తుంటే, ఆ పిల్లాడు ఏం అనాలమ్మా? "అదంతా అబద్ధం" అనడం ఒక్కటే వాడి చేతిలో ఉన్నది. నేను పొరపాటు పడుతుండొచ్చు, నీ అన్నయ్యని నేను చూడలేదు, మామూలుగా ఏడిపించే అన్నలు ఊరికొకరుంటారు. కానీ ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా, అదీ అందరి ముందూ, అదే మాట మీద నవ్వుతున్నాడంటే ఆ నవ్వు తిమింగలం గురించి కాదని నాకనిపిస్తోంది. వాడికి ఆధారాలు అక్కర్లేదు. ఆ ఊరు ఉందని వాడికి అందరికంటే బాగా తెలుసు, అదే వాడి ఇబ్బంది.

మీ అమ్మగారి సంగతీ అంతే అనుకుంటా. నువ్వు ఆ ఊరిని స్కూలు, పడవ, క్యాండీ వైపు నుంచి చూశావు. ఆవిడ ఎటు నుంచి చూశారో ఒకసారి ఆలోచించు. 1993లో తెనాలి నుంచి వెళ్ళిన ఆవిడ, భాష రాదు, ఒక పొడుగాటి రోడ్డు, దానికి అటూ ఇటూ దుమ్ము, పొద్దస్తమానం గాలి, తాగే నీళ్ళు 20 లీటర్ల క్యాన్లలో కొనుక్కోవాలి, గర్రఫోన్ అంటారు వాటిని, మీ నాన్నగారేమో పొద్దున పోతే చీకటికి వస్తారు. నో ఐ అంటే స్పానిష్‌లో "లేదు, అయిపోయింది" అని. కందిపప్పు ఉందా, నో ఐ. కరివేపాకు, నో ఐ. ఇండియా నుంచి ఉత్తరం వచ్చిందా, నో ఐ. రెండేళ్ళు రోజూ ఎక్కువసార్లు విన్న మాట అదే అయ్యుంటుంది, అందుకే అదొక్కటి మిగిలింది. ఆవిడ ఆ ఊరిని మర్చిపోయిందని అనుకుంటున్నావేమో, పాలు అయిపోయిన ప్రతిసారీ తలుచుకుంటోంది తల్లీ.

కాబట్టి ఆవిడని "నీకు ఆ ఊరంటే ఎందుకు ఇష్టం లేదు" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. వంటింట్లో నిలబడి చిన్నది అడుగు. అక్కడ చారు ఎలా పెట్టేదానివమ్మా, చింతపండు దొరికేదా అని. దొరికే ఉంటుంది, మెక్సికోలో చింతపండు బాగా వాడతారు, తమరిందో అంటారు, షర్బత్ చేసుకుని తాగుతారు, నీకిచ్చిన క్యాండీ కూడా అదే కదా. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు ఎక్కడైనా ఉంటాయి. ఆ ప్రాంతంలో గోధుమపిండి తోర్తియాలే ఎక్కువ, అవి మన పుల్కాకి అక్కాచెల్లెళ్ళు. కూరకి ఏం చేసేవారో, పప్పుకి బదులు ఏం వాడారో, పక్కింటావిడ ఎవరో, అలా మొదలైతే మిగతాది ఆవిడే చెప్తారు, చెప్పకపోతే వదిలెయ్. ఆవిడ ఏడిస్తే కంగారుపడి "సరేలేమ్మా పోనీలే" అని ఆపకు, అదొక్కటి గుర్తుపెట్టుకో, మనవాళ్ళందరికీ ఆ రోగం ఉంది, ఏడుపు కనపడగానే టీ పెట్టేస్తాం.

ఈలోపు నువ్వు చేయాల్సింది ఇంకోటి. ఇంటర్నెట్‌లో ఆ ఊరి వీడియోలు ఇక చూడకు, కనీసం ఒక వారం. ఒక నోట్‌బుక్ తీసుకుని నీకు గుర్తున్నదంతా రాసేయ్, వరుసగా కాకపోయినా పర్లేదు. ఇంటి ప్లాన్ గీయి, తలుపు ఎటు, కుళాయి ఎక్కడ, స్కూల్‌కి ఎటు తిరిగేదానివి, ఎండు చేపల వాసన ఎక్కడ వచ్చేది, కరెంటు స్తంభాల మీద పెద్ద పుల్లల గూళ్ళు ఉండేవా? అవి ఆస్ప్రేలు, చేపల్ని పట్టే డేగలు, ఆ ఊళ్ళో వాటి కోసం స్తంభాలు కూడా పాతారు. చూశావా, ఇప్పుడు నేనే నీ బుర్రలో ఒకటి పెట్టేశా, అది నీకు ముందే గుర్తుందో నేను చెప్పాక గుర్తొచ్చిందో ఇక తేలదు. అందుకే అన్నా, ముందు రాయి, తర్వాత చూడు. రాసిన రోజు తేదీ వెయ్యి. అతుకులు పడ్డవి కూడా అలాగే ఉంచు, నీ కిటికీలో తిమింగలాన్ని కొట్టెయ్యకు.

ఇక వెళ్ళాలా వద్దా. వెళ్ళు. పాడవుతుందా అంటే కొంచెం పాడవుతుంది, అబద్ధం ఎందుకు. ఆ ఊరు అందంగా ఉండదు. మా అబ్బాయి కారు దిగుతూనే "ఇదేనా" అన్నాడు. షాపులు, వర్క్‌షాపులు, టాకో బండ్లు, దుమ్ము, అంతే, చేప టాకోలు మాత్రం అద్భుతం అని వాడే తర్వాత ఒప్పుకున్నాడు, నేను తినను కాబట్టి బీన్స్‌తో సరిపెట్టుకున్నా. మీ ఇల్లు ఉండకపోవచ్చు, ఉన్నా చిన్నదిగా కనిపిస్తుంది. ఉప్పు కంపెనీ కూడా చేతులు మారింది, అందులో జపాన్ మిత్సుబిషికి ఉన్న 49 శాతం వాటాని 2024లో మెక్సికో ప్రభుత్వం కొనేసింది. నువ్వక్కడున్న రోజుల్లోనే శాన్ ఇగ్నాసియో ఉప్పుటేరు దగ్గర ఇంకో పెద్ద ఉప్పు కొఠారు పెడదామన్నారు, తిమింగలాల కోసం చాలామంది గట్టిగా పోట్లాడితే 2000లో అప్పటి ప్రెసిడెంట్ ఎర్నెస్తో సెదీయో దాన్ని రద్దు చేశాడు. ఉప్పు ఊళ్ళో పుట్టినదాన్ని కదా, నాకు ఆ కథలో రెండు వైపులా మనుషులు కనిపిస్తారు, కానీ రద్దు చేయడమే మంచిదయింది. తిమింగలాలకి మాత్రం మంచి రోజులు కావు, 2019 నుంచి 2023 దాకా చాలా చనిపోయాయి, పైన ఆర్కిటిక్‌లో తిండి తగ్గిపోయి బక్కచిక్కి వస్తున్నాయట. అందుకని పాపకి "తిమింగలాన్ని ముట్టుకుందువుగాని" అని మాటివ్వకు, చూడ్డానికి వెళ్తున్నాం అని చెప్పు, వస్తే వస్తాయి. ఎక్కువ రోజులు ఆలోచిస్తూ కూర్చోకు కూడా.

ఫిబ్రవరి నెల మంచిది, మార్చి మొదట్లో అయినా పర్లేదు. ఇండియా పాస్‌పోర్ట్‌కి మెక్సికో వీసా కావాలి, అయితే చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే దాని మీదే రానిస్తారు, టికెట్లు కొనే ముందు ఇంకోసారి రూల్ చూసుకో. కారులో వెళ్తే మెక్సికో ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి, అమెరికాది చెల్లదు. ఎల్ రొసారియో అనే ఊళ్ళో ట్యాంకు ఫుల్ చేయించు, ఆ తర్వాత 300 కిలోమీటర్ల దాకా సరైన బంకు లేదు, కతవీన్యాలో రోడ్డు పక్కన డ్రమ్ముల్లో అమ్మేవాళ్ళు కనిపించారు గానీ వాళ్ళని నమ్ముకుని బయల్దేరకు. రాత్రి డ్రైవింగ్ అసలొద్దు, ఆవులు రోడ్డు మీద పడుకుంటాయి, ఈ ఒక్క విషయంలో మన ఊరే అనుకో. టైం ఉంటే ఇంకో 140 కిలోమీటర్లు పోయి శాన్ ఇగ్నాసియో కూడా చూపించు పాపకి, ఎడారి మధ్యలో ఉన్నట్టుండి నీళ్ళు, వేల ఖర్జూరం చెట్లు, జెస్యూట్ పాదిరీలు నాటినవి, మధ్యలో లావాటి రాతి గోడల చర్చి. అక్కడికి మీరు చిన్నప్పుడు వెళ్ళే ఉంటారు, నీకు గుర్తులేదంటే కారులో నిద్రపోయుంటావు.

అమ్మగారిని బలవంతంగా తీసుకెళ్ళొద్దు. సర్‌ప్రైజ్ అని చెప్పి టికెట్ చేతిలో పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. అన్నయ్యని మాత్రం పిలువు. నిరూపించడానికి కాదు, ఊరికే, "నువ్వు కూడా రా" అని. ఆ మాట 1993లో వాడికి ఎవరూ చెప్పలేదు కదా. రాననొచ్చు, పనులున్నాయి అనొచ్చు, పర్లేదు.

కానీ పిలిచే ముందు ఇంకొకటి అడగాలి నువ్వు, దీని గురించే నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు ఫోన్ షాపు. అప్పట్లో అక్కడ ఇళ్ళలో అందరికీ ఫోన్లుండేవి కావు, దూరం ఫోన్ చేయాలంటే కసేతా అనే షాపుకి వెళ్ళి పేరు చెప్పి కూర్చోవాలి, మన ఎస్టీడీ బూత్‌లాగే. పొద్దున అన్నావు, ఎన్ని గంటలో నీకు తెలియదు. నేను కాగితం మీద లెక్క వేశా. మనకీ ఆ ఊరికీ పన్నెండున్నర గంటల తేడా. తెనాలిలో డిసెంబర్ 31 అర్ధరాత్రి 12 అయ్యేటప్పటికి గెరెరో నెగ్రోలో అదే రోజు పొద్దున 11:30. నువ్వు క్యాండీ చీకుతూ కూర్చున్నప్పుడు మీ అమ్మ పట్టుకున్న రిసీవర్‌కి అవతల, నా లెక్క తప్పు కాకపోతే, అందరికంటే ముందు మీ ఇంట్లో ఇంకొకరికి న్యూ ఇయర్ వస్తోంది. మాట్లాడకుండా నిలబడింది అన్నావు. లైన్ కలవలేదో, కలిసినా గొంతు పెగల్లేదో, అవతల ఎవరూ ఎత్తలేదో నాకు తెలియదు, నీకూ తెలియదు.

1994లో తెనాలిలో అమ్మమ్మగారింట్లో ఫోన్ ఉండేదా, లేక పక్కింటివాళ్ళ పీపీ నంబరా? పీపీ అయితే ఆ పిల్లాడు అర్ధరాత్రి పక్కింటి వరండాలో కూర్చుని ఎదురు చూసి ఉండాలి. అన్నయ్యకి ఫోన్ చెయ్యి, తిమింగలం గురించి ఎత్తకు, ఆ రాత్రి ఫోన్ మోగిందా అని అడుగు.